పాపికొండల లాంచీ: నాడు దారి, నేడు విహారం



కార్తీకమాసం వచ్చిందంటే మన ఇళ్లల్లో రెండు మాటలు వినబడతాయి. ఒకటి వనభోజనాలు, రెండోది పాపికొండలు. "ఈసారైనా లాంచీ ఎక్కుదామమ్మా" అని పిల్లలు. "నీళ్ల మీద ప్రయాణం, ఎందుకొచ్చిన గొడవ" అని పెద్దవాళ్లు. ఖమ్మంలోనైనా, కొత్తగూడెంలోనైనా, భద్రాచలంలోనైనా ఈ వాదన జరగని ఇల్లు తక్కువ. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ నిజముంది. అసలీ లాంచీలు ఎవరికోసం వచ్చాయి, విహారనౌకలుగా ఎప్పుడు మారాయి, దేశంలో ఇలాంటివి ఇంకెన్నో ఉండగా వాటి ముందు మన లాంచీ ఎక్కడ నిలుస్తుంది? ఈ సంగతులు తెలిస్తే ఎక్కాలో వద్దో, ఎక్కితే ఏం చూసుకుని ఎక్కాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, మనకే తెలుస్తుంది.

ముందుగా ఒక పాత ముచ్చట. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ గారి పేరు మనందరం విన్నదే. 1847లో మొదలైన ఆ ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ గారి ఆశ అక్కడితో ఆగలేదు. నాగపూరు, బీరారు ప్రాంతాల్లో పండే పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రం దాకా దింపాలని ఆయన తలపు. అయితే నదిలో మూడు చోట్ల బండరాళ్లు పరచుకుని పడవను సాగనివ్వవు. వాటిలో మొదటి చోటు మన భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం దగ్గర. అక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, పడవను మెట్టు ఎక్కించి మెట్టు దింపినట్టు దాటించే లాకులు కట్టారు. హేగ్ అనే ఇంజనీరు ఈ పనులు నడిపించారు. 1860లో భద్రాచలం ప్రాంతం నిజాం చేతినుంచి ఇంగ్లీషువారి చేతికి మారింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోయేసరికి ఈ పనికి ఇంకా ఊపు వచ్చింది.

తీరా ఏమైందంటే, 1867లో బొంబాయి నుంచి నాగపూరుకు రైలు వచ్చేసింది. పత్తి కాస్తా రైలెక్కింది. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు. ఈ నది మీద పడవకు మొట్టమొదటి పోటీ రైలన్నమాట. ఆ పోటీలో పడవ ఓడిపోయింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం ఆనాటి ఆశకు గుర్తుగా మిగిలింది. ఈసారి పర్ణశాలకు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి.

మరి దిగువన, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా పడవలు ఎందుకు ఆగలేదు? ఎందుకంటే అక్కడ పోటీకి వచ్చే దారి ఇంకొకటి లేదు. రెండు పక్కలా కొండలు, దట్టమైన అడవి. పైగా 1874లో భద్రాచలం తాలూకాను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. జిల్లా కచేరీ కాకినాడలో. భూమి తగాదా వచ్చినా, పెద్ద జబ్బు చేసినా, పిల్లవాడికి పైచదువు చెప్పించాలన్నా నది వెంట కిందికి దిగాల్సిందే. అడవిలోని వెదురు, కలప, చింతపండు కిందికి దిగేవి. ఉప్పు, బట్టలు, కిరసనాయిలు పైకి వచ్చేవి. తెరచాప పడవలు పోయి లాంచీలు వచ్చాక ఈ రాకపోకలు ఇంకా పెరిగాయి. దేవీపట్నం, కొండమొదలు, కొరుటూరు, పేరంటాలపల్లి, కూనవరం, ఇలా రేవు రేవుకూ లాంచీ ఆగేది. సరంగు చుక్కాని పట్టుకుంటే, కళాసీ గెడ పట్టుకుని ముందు నిలబడి నీటి లోతు చెప్పేవాడు. కొండరెడ్లకూ, కోయవారికీ అది విహారం కాదు. మనకు ఆర్టీసీ బస్సు ఎలాగో వాళ్లకు లాంచీ అలాగ.

శ్రీరామనవమికి మాత్రం మైదానం వాళ్లూ లాంచీ ఎక్కేవారు. మా అమ్మమ్మ రాజమండ్రిలో ఎక్కి భద్రాచలం కల్యాణానికి వచ్చిన సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పిందో! పులిహోర, దిబ్బరొట్టె మూటకట్టుకుని, ఒక రాత్రి దారిలోనే గడిపారట. "కొండలు మధ్యకు వచ్చేసరికి మాటలు ఆగిపోయాయే" అనేది. పాపిడి తీసినట్టు కొండల నడుమ నది పోతుంది కాబట్టి పాపిడికొండలు, అవే పాపికొండలయ్యాయని పెద్దలు చెప్పే మాట.

ఆ దారి అవసరం ఎలా తగ్గిందో చూడండి. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. కచేరీ కాకినాడ నుంచి ఖమ్మానికి మారింది. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చింది. దాంతో అంతవరకూ తూర్పుకు తిరిగి ఉన్న జనం ముఖం పడమటికి తిరిగింది. రైలు కొత్తగూడెం దాకా ఉంది, వంతెన దాటితే బస్సు ఉంది, ఇంక లాంచీలో రోజుల తరబడి ఎవరు కూర్చుంటారు? రెండో పోటీలో బస్సు గెలిచింది.

సరిగ్గా అప్పుడే సినిమా వచ్చి లాంచీకి ఇంకో బతుకు ఇచ్చింది. 1973లో బాపు గారు 'అందాల రాముడు' తీశారు. భద్రాచలం కల్యాణానికి లాంచీలో బయల్దేరిన జనం కథ అది. ఆ ప్రయాణం చూసిన వాళ్లకు మనమూ ఒకసారి వెళ్లాలనిపించింది. మళ్లీ 2006లో శేఖర్ కమ్ముల గారి 'గోదావరి' వచ్చింది. అందులోనూ భద్రాచలానికి నది మీద ప్రయాణమే. ఈ రెండు సినిమాల మధ్య 33 ఏళ్లలో లాంచీ మారిపోయింది. బల్లలు పోయి కుర్చీలు వచ్చాయి, చల్లగదులు వచ్చాయి, టిఫినూ భోజనమూ టిక్కెట్టులోనే కలిశాయి, మైకులో పాటలూ డాన్సులూ మొదలయ్యాయి. కొల్లూరు దగ్గర ఇసుకతిన్నెల పక్కన వెదురు గుడిసెల్లో రాత్రి బస కూడా వచ్చింది. పర్యాటక సంస్థ బోట్లు ఒకవైపు, ప్రైవేటు బోట్లు ఒకవైపు. ఇక పోటీ రైలుతోనూ బస్సుతోనూ కాదు, లాంచీకీ లాంచీకీ మధ్య.

ఈ కథ మనదొక్కటే అనుకోకండి. కేరళలో కెట్టువళ్లాలని ధాన్యం మోసే పెద్ద పడవలుండేవి. లారీలు వచ్చాక వాటికి పని పోయింది. 1990 తర్వాత వాటిమీదే గదులు కట్టి, వంటిల్లు పెట్టి, అలప్పుళలో విహారనౌకలు చేశారు. ఈ రోజు పరదేశాల వాళ్లు కూడా వచ్చి ఎక్కుతున్నారు. గంగ మీద 2023 జనవరి 13న 'గంగా విలాస్' అనే నౌక కాశీ నుంచి డిబ్రూగఢ్‌కు బయల్దేరింది. సుమారు 3,200 కిలోమీటర్లు, 51 రోజులు. అంత పెద్ద ప్రయాణానికి ఆ నౌకలో గదులు 18, ప్రయాణికులకు చోటు 36 మందికే. సముద్రాల మీదా ఇదే పద్ధతి ఒకటుంది. వేలమందిని ఎక్కించుకునే పెద్ద ఓడలు ఉన్నా, 1986లో విండ్‌స్టార్ అనే సంస్థ 148 మందికి మాత్రమే చోటున్న తెరచాపల ఓడను నడిపింది. చిన్న ఓడ చిన్న రేవుకు పోగలదు, మనిషి మనిషినీ పలకరించగలదు. చిన్న ఓడల వ్యాపారం బతికేది ఆ గుణం మీదే.

వీటి పక్కన మన లాంచీని నిలబెట్టి చూద్దాం. అందానికి కొదవ లేదు. కాశీ దగ్గర గంగకు ఈ కొండలు లేవు, అలప్పుళ నీళ్లకు ఈ లోతు లేదు. పాపికొండల అడవిని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అదే సంవత్సరం భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరిని 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. ధర కూడా మధ్యతరగతి సంసారానికి అందేదే. గంగా విలాస్ ఎక్కడం మనవల్ల అయ్యే పని కాదు, పాపికొండలకు మాత్రం చిట్టీ పాడుకున్న డబ్బుతో అయినా వెళ్లి రావచ్చు. ఇన్ని ఉండీ మనం వెనకబడింది ఒక్క విషయంలో. అది నమ్మకం.

చెప్పడానికి కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. 2018 మే 11న దేవీపట్నం దగ్గర ఒక విహారపు బోటు మంటల్లో చిక్కుకుంది. అందులో చాలామంది ఉన్నారు. ఒడ్డుకు చేర్చడంతో అందరూ బతికారు. నాలుగు రోజులకే, మే 15న కొండమొదలు నుంచి వస్తున్న మామూలు లాంచీ గాలివానలో మంటూరు దగ్గర మునిగింది. వాన కొడుతోందని తలుపులు మూసి ఉండడంతో లోపలివాళ్లు బయటకు రాలేకపోయారు. సుమారు 20 మంది పోయారు. అందులో ఎక్కువమంది సంతకూ ఊరికీ పనిమీద తిరిగే గిరిజనులు. ఆ మరుసటి సంవత్సరం, 2019 సెప్టెంబరు 15, ఆదివారం. నది వరదమీద ఉంది. 'రాయల్ వశిష్ఠ' అనే బోటు 77 మందితో కచ్చులూరు దగ్గర సుడిలో మునిగింది. బతికినవాళ్లు 26 మంది. వాళ్లను నాటుపడవల్లో వెళ్లి కాపాడింది ఆ ఒడ్డున ఉండే గిరిజనులే. మన వరంగల్ పక్కన కడిపికొండ నుంచి కలిసి వెళ్లినవాళ్లు కూడా ఆ బోటులో ఉన్నారు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం తంటాలు పడి అక్టోబరు 22న ఆ బోటును బయటకు తీసింది.

ఆ తర్వాత ప్రయాణాలు ఆపేశారు. గండిపోచమ్మ, పేరంటపల్లి, పోచవరం లాంటి 9 చోట్ల బోట్ల మీద నిఘాకు కంట్రోలు గదులు పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. 2021లో మళ్లీ బోట్లు కదిలాయి. చల్లగది ఉందా, బిర్యానీ పెడతారా అని అడిగే పోటీ మంచిదే గాని, కేరళనూ గంగనూ దాటి మన లాంచీ ముందుకు రావాలంటే గెలవాల్సింది అక్కడ కాదు. "ఈ నది మీద ఎక్కినవాళ్లు క్షేమంగా దిగుతారు" అన్న పేరు వస్తే చాలు, మిగతావి వాటంతట అవే వస్తాయి. ఆ పేరు విహారం బోటుకు ఒక్కదానికే వస్తే సరిపోదు. మే 11నా, మే 15నా జరిగినవి చూడండి. కొండమొదలు నుంచి సంతకు వచ్చే తల్లి ఎక్కే లాంచీలోనూ అదే లైఫ్‌జాకెట్టు, అదే తనిఖీ ఉన్నప్పుడే అది నిజమైన పేరు.

నది కూడా మారిపోతోంది. 2014లో ఖమ్మం జిల్లాలోని 7 మండలాలను, భద్రాచలం ఊరు తప్పించి, పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అందుకే ఇప్పుడు మనం తెలంగాణలోని భద్రాచలంలో బస్సెక్కి, కూనవరం, వి.ఆర్.పురం మీదుగా ఆంధ్రలోని పోచవరం రేవులో లాంచీ ఎక్కుతాం. రాజమండ్రి వైపు వాళ్లకు పట్టిసీమ దగ్గర ఎక్కే పద్ధతి పోయి, పోలవరానికి ఎగువన గండిపోచమ్మ దగ్గర ఎక్కడం వచ్చింది. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. మా అమ్మమ్మ ఒకే లాంచీలో వచ్చిన దారి ఇప్పుడు మధ్యలో తెగింది. ప్రాజెక్టు 150 అడుగుల నీటిమట్టానికి నిండితే ఆ రేవులూ, ఇసుకతిన్నెలూ నీటి కిందికి పోతాయి. ఊళ్లు ఇప్పటికే ఒకటొకటిగా లేచిపోతున్నాయి. లాంచీని బస్సులా వాడుకున్న జనం వెళ్లిపోతే, చూడవచ్చేవాళ్లకోసం మాత్రమే నడిచే లాంచీ మిగులుతుంది. విహారానికి వెళ్లే మనం ఆ సంగతి మరిచిపోకూడదు.

మేము పోచవరంలో ఎక్కినప్పుడు అందరికీ లైఫ్‌జాకెట్లు ఇచ్చారు. పావుగంట కాకుండానే సగంమంది ఆడవాళ్లం తీసి పక్కన పెట్టాం. ఎందుకంటారా? పట్టుచీర నలుగుతుందని, ఫోటోలో బాగుండదని! నేనూ వాళ్లలో ఒకదాన్నే. నా పక్కన కూర్చున్న ఒక కొండరెడ్ల అమ్మాయి, చంకలో పిల్లాడితో, తనది మాత్రం ముడి బిగించి కట్టుకుంది. రోజూ నదిని చూసేవాళ్లకు నది సంగతి తెలుసు. నేను సిగ్గుపడి నాదీ కట్టుకున్నాను.

కనుక ఈసారి పిల్లలు అడిగితే కాదనకండి. వరద ఉన్న రోజుల్లో మాత్రం ఎంత బతిమాలినా వద్దు. చోటుకు మించి ఎక్కించుకుంటే దిగిపోండి, డబ్బులు పోయినా సరే. సరంగును పలకరించండి, జాకెట్టు ఎలా కట్టుకోవాలో చూపించమనండి. తలుపులు ఎటున్నాయో పిల్లలకు చెప్పండి. కొండల మధ్యకు రాగానే మైకు కాసేపు ఆపమని అడగండి. మా అమ్మమ్మ చెప్పింది నిజమే, అక్కడ మాటలు వాటంతట అవే ఆగిపోతాయి.