చర్మంలో తడెంత?

చలికాలంలో ముంజేతి మీద గోటితో గీస్తే తెల్లగా చార పడుతుంది. వెంటనే కొబ్బరినూనె సీసా అందుకుంటాం. చర్మం పొడిబారిందంటే జిడ్డు తగ్గిందనే కదా మన లెక్క! 1952లో అమెరికా పరిశోధకుడు ఇర్విన్ బ్లాంక్ ఆ లెక్కనే పరీక్షకు పెట్టాడు. కాయకాచిన చర్మం ముక్కలు ఎండి పెళుసెక్కాక నూనెలో నానబెడితే మెత్తబడలేదు. నీరు పీల్చుకున్న ముక్క మాత్రం మెత్తబడి వంగింది. నూనె పూత చేసే మేలల్లా ఉన్న తడిని ఆరిపోనివ్వకపోవడం. ఏం కొలవాలో అక్కడ తేలింది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ అదే, పరికరాలు దాని వెనక వచ్చాయి.

బతికున్న మనిషి చర్మాన్ని కోసి తూచలేం. పైపొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. విద్యుత్తు అక్కరకొచ్చింది. 1980లో జపాన్ చర్మవైద్యుడు హచిరో తగామి బృందం అధిక ఫ్రీక్వెన్సీ కరెంటు చర్మంలో ఎంత తేలిగ్గా సాగుతోందో చూసి తడిని అంచనా కట్టింది. జర్మనీలో తయారైన కార్నియోమీటరు కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం, చూస్తుంది. ఆ సామర్థ్యాన్ని పెంచే గుణం, అంటే పర్మిటివిటీ, నీటికి దాదాపు 80, చర్మంలో మిగతా పదార్థాలకు అందులో పదోవంతు కూడా ఉండదు. అందుకే తడి కాస్త మారినా అంకె కదులుతుంది. చర్మానికి ఆనించే కొసలో గాజు పలక, దాని వెనక సన్నని బంగారు గీతలు. ప్రతిసారీ ఒకే ఒత్తిడి పడేలా లోపల స్ప్రింగు.

ప్రయోగశాలలో మనిషిని 20–22 డిగ్రీల గదిలో కాసేపు కూర్చోబెట్టాకే కొలుస్తారు. మన ఇళ్లలో అదెక్కడ కుదురుతుంది? చెమట పట్టిందంటే చర్మం పొడిగా ఉన్నా అంకె పెరిగిపోతుంది, పైగా చెమటలోని ఉప్పు కరెంటుకు దారిస్తుంది.

షికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం 2020లో వేడిని నమ్ముకుంది. చర్మానికి అతుక్కునే మెత్తని పరికరం ఆ చోటును కొద్దిగా వెచ్చబరుస్తుంది. తడి ఉన్న చర్మం వేడిని త్వరగా లాగేసుకుంటుంది కాబట్టి ఉష్ణోగ్రత తక్కువగా పెరుగుతుంది. ఆ తేడా బ్లూటూత్‌లో ఫోన్‌కు చేరుతుంది. ఎగ్జిమాతో బాధపడే పిల్లల తల్లిదండ్రులకు ఇలాంటిది అందుబాటు ధరలో దొరకాలని నా కోరిక.

బజారులో దొరికే పెన్ను లాంటి మీటర్లు ఎక్కువగా కరెంటు పద్ధతివే. అవి చూపే శాతాన్ని పక్కింటివారి మీటరుతో పోల్చవద్దు, ఒక్కో కంపెనీ కొలబద్ద ఒక్కోలా ఉంటుంది. స్నానమైన వెంటనే కాకుండా, రోజూ ఒకే వేళకు, ఒకే చోట, చెమట లేనప్పుడు ఆనించి చూసుకోండి. క్రీమ్ పనిచేస్తోందో లేదో రెండు వారాల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.