లిన్ జెషు

లిన్ జెషు (ఆగష్టు 30, 1785 - నవంబరు 22, 1850) చైనాలో చింగ్ వంశపు కాలమునకు చెందిన ఉన్నతాధికారి, పండితుడు. 1839లో బ్రిటిషు వర్తకుల నల్లమందును నాశనం చేయించి ప్రసిద్ధుడయ్యాడు. ఈ సంఘటన మొదటి నల్లమందు యుద్ధానికి (1839-1842) తక్షణ కారణమైనది.

జీవిత విశేషాలు

ఈయన ఫూజియన్ రాష్ట్రములోని ఫూజౌలో ఒక పేద ఉపాధ్యాయుని ఇంట జన్మించాడు. 1811లో అత్యున్నత రాజోద్యోగ పరీక్షలో ఉత్తీర్ణుడై, 1837 నాటికి హుబెయ్, హునాన్ రాష్ట్రాల గవర్నర్ జనరల్ అయ్యాడు.

నల్లమందు నిషేధము

బీహారు, కాశీ ప్రాంతాలలో ఈస్టిండియా కంపెనీ తయారు చేయించిన నల్లమందును కలకత్తా వేలములో కొని, వర్తకులు చైనాకు దొంగచాటుగా చేరవేసేవారు. అందుకు బదులుగా చైనా వెండి తరలిపోయేది. ఇది ఇలాగే సాగితే కొన్ని దశాబ్దాలలో సైనికులు గానీ, వారికి జీతమిచ్చే ధనము గానీ మిగలవని లిన్ హెచ్చరించాడు. 1838 చివరలో దావోగ్వాంగ్ చక్రవర్తి ఆయనను ప్రత్యేక ప్రతినిధిగా నియమించి గ్వాంగ్‌జౌకు (కాంటన్) పంపాడు.

లిన్ విదేశీ వర్తకుల నివాసాలను దిగ్బంధించి, 20,000కు పైగా నల్లమందు పెట్టెలను స్వాధీనం చేసుకున్నాడు. 1839 జూన్‌లో హూమెన్ వద్ద తవ్వించిన గుంటలలో ఆ సరుకును ఉప్పునీరు, సున్నములతో కరిగించి సముద్రములోకి వదిలారు. ఆ మాలిన్యానికి ఆయన ముందుగానే సముద్ర దేవతను క్షమాపణ వేడుకున్నాడు. ఈ వ్యాపారాన్ని ఆపవలసినదిగా విక్టోరియా రాణికి లేఖ కూడా వ్రాశాడు. అది ఆమెకు చేరినట్లు ఆధారాలు లేవు.

ప్రవాసము

1840లో బ్రిటిషు నౌకాదళం ఉత్తర తీరానికి చేరగానే, పంపిన చక్రవర్తే లిన్‌ను దోషిగా నిర్ణయించి పదవి నుండి తొలగించాడు. మరుసటి సంవత్సరం ప్రవాస శిక్ష విధించాడు. దారిలో ఆయన పసుపు నది వరదకట్ట పనులలో పాల్గొన్నాడు. పశ్చిమాన సుదూరమైన ఇలీ చేరి, ఆ ప్రాంతములో సాగునీటి పనులు చేపట్టాడు. తాను సేకరించిన విదేశీ సమాచారాన్ని మిత్రుడు వెయ్ యువాన్‌కు అప్పగించాడు. సముద్రాంతర దేశాలపై ఆయన వ్రాసిన గ్రంథానికి అదే ఆధారమైనది.

1842 నాన్‌జింగ్ ఒప్పందము వలన చైనా హాంగ్‌కాంగ్‌ను కోల్పోయినది. నాశనమైన నల్లమందుకు 60 లక్షల వెండి డాలర్లు చెల్లించవలసి వచ్చినది. నల్లమందు వ్యాపారము మాత్రం ఆగలేదు.

చివరి రోజులు

1845లో లిన్‌ను తిరిగి పిలిపించారు. 1847లో యున్నాన్, గ్వీజౌ రాష్ట్రాల గవర్నర్ జనరల్ అయ్యాడు. 1850లో గ్వాంగ్‌షీ తిరుగుబాటును అణచటానికి వెళుతూ మార్గమధ్యములో మరణించాడు. బీజింగ్‌లోని తియానన్‌మెన్ కూడలిలో ఉన్న ప్రజావీరుల స్మారక స్తంభముపై హూమెన్ దృశ్యము చెక్కబడి ఉన్నది.