తెలుసుకుందాం: మన గోడ మీది బల్లి



మనం బల్లి అంటాం, కన్నడంలో హల్లి, తమిళంలో పల్లి. మూడూ ఒకే మాటకు రూపాలు. (కన్నడంలో ‘హళ్ళి’ అని పలికారో, అది పల్లెటూరు అయిపోతుంది, జాగ్రత్త!) శాస్త్రవేత్తలు బల్లులను గెక్కో జాతులంటారు. ప్రపంచంలో ఇవి 1,500 రకాలకు పైనే. పగలు కంచె మీద తల ఊపే తొండ, రంగు మార్చే ఊసరవెల్లి ఈ కుటుంబానివి కావు.

ఎక్కడ ఉంటాయి?
రాయచూరు ఎండలు 40 డిగ్రీలు దాటతాయి కదా. బల్లులు పగలంతా సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక వేటకు వస్తాయి. ఇంటి బల్లులు లైటు దగ్గర చేరే దోమలు, ఈగలు, చిమ్మటలను తింటాయి. దక్కను రాతిగుట్టల్లో పెద్ద రాతిబల్లి కూడా ఉంది. 1871లో స్టొలిచ్కా అనే శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించాడు. ఆయన చూసిన నమూనా భద్రాచలం దగ్గర గోదావరి లోయది.

గోడకు ఎలా అంటుకుంటుంది?
దాని కాళ్ళకు జిగురు లేదు. వేళ్ళ కింద లక్షల సన్నని నూగు వెంట్రుకలుంటాయి. అవి గోడకు బాగా దగ్గరగా తగలడంతో అణువుల మధ్య ఆకర్షణ ఏర్పడుతుంది.

కళ్ళు, తోక, గుడ్లు
ఇంటి బల్లికి కదిలే రెప్పలుండవు. నాలుకతోనే కళ్ళు తుడుచుకుంటుంది. శత్రువు పట్టుకుంటే తోక వదిలేసి పారిపోతుంది. కొత్త తోక మొలుస్తుంది గానీ అందులో వెన్నెముక బదులు మృదులాస్థి ఉంటుంది. ఒకసారికి సాధారణంగా రెండే గుడ్లు పెడుతుంది.

బల్లి విషమా?
కాదు. మన ఇళ్ళలోని బల్లులకు విషం లేదు. అయితే వాటి రెట్టలో, ఒంటి మీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. దానివల్ల వాంతులు, విరేచనాలు వస్తాయి. అందుకే బిసియూటలో బల్లి కనిపిస్తే తినడం ఆపి వెంటనే టీచరుకు చెప్పండి. ఆ అన్నం ఎవరూ తినకూడదు. ఇంట్లో పాలు, కూరల మీద మూత పెట్టండి. బల్లిని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి.

పంచాంగాల్లో బల్లిపాటు ఫలితాలు రాస్తారు. నిజానికి బల్లి పట్టు తప్పి పడుతుంది, అంతే. ‘టిక్ టిక్’ అనేది తోటి బల్లులను పిలవడానికి, తన చోటులోకి రావద్దని చెప్పడానికి. భయంతో చీపురు ఎత్తకండి. రాత్రంతా మీ ఇంట్లో పురుగులను ఏరి తినేది అదే.