టీకి టీక

మూలం: "ముందు ప్లగ్గు పీకండి, పక్కకి ఒరిగించండి, విప్పి తీపంతా కడగండి, బాగా ఆరనిచ్చి అప్పుడే నొక్కండి."

సందర్భం: రాజమండ్రిలో శ్రావణమాసపు ముసురు. మా మేడమీది గది. టేబుల్ మీద చోటు కాగితాలకే చాలదు గనుక టీ గ్లాసుని కంప్యూటర్ కేబినెట్ నెత్తిన పెట్టడం నాకు అలవాటు. పాతకాలపు కేబినెట్లకి పైన రేకు ఉండేది. ఇప్పుడు వేడి పోవడానికని జల్లెడలాంటి జాలీ పెట్టి దాని కింద ఫ్యాను బిగిస్తున్నారు. మోచెయ్యి తగిలింది. ముప్పాతిక గ్లాసు టీ, వడకట్టినట్టుగా, ఆ జాలీలోంచి లోపలికి దిగిపోయింది. తుండుగుడ్డ కోసం అటూ ఇటూ వెతికి, దొరికాక పైపైన తుడిచి, అప్పుడు రిపేరు కుర్రాడికి ఫోన్ చేశాను. అతను చెప్పిన వాక్యమే పైన ఉన్న మూలం. కేలండర్ కాగితం వెనక రాసుకున్నాను.

వావిళ్ళవారి ప్రతిపదార్థ తాత్పర్యాలు చదివి పెరిగిన ప్రాణం నాది. పదాలు విడదీసి చూస్తే గాని ఏ వాక్యం మీదా నమ్మకం కుదరదు. కంప్యూటర్ ఆరుతున్న రోజుల్లో వేరే పని లేక రాసిన టీక ఇది.

ముందు:

వాక్యానికి ప్రాణం ఇక్కడుంది. ఏదైనా ఒలికితే ఎవరి చెయ్యైనా గుడ్డ కోసమే పోతుంది. నాదీ అలాగే పోయింది. తడి వల్లే బోర్డు పాడవుతుందని మన భయం. కరెంటు లేని బోర్డు మీద టీ పడితే దాన్ని కడుక్కోవచ్చు. కరెంటు ఉన్న బోర్డు మీద పడితే మాత్రం అక్కడ వేరే వ్యాపారం మొదలవుతుంది. బోర్డు మీద రెండు రాగి గీతలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానిలో 12 వోల్టులు, పక్కదానిలో సున్న. మధ్య ఎడం మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులు. టీలో కరిగిన లవణాలు ఆ ఎడాన్ని కలుపుతాయి. పాజిటివ్ వైపు లోహం కరిగి నీళ్ళలోకి దిగుతుంది, నెగటివ్ వైపు చేరి మళ్ళీ లోహమై పేరుకుంటుంది. చెట్టుకొమ్మల్లా సాగుతూ వచ్చి అవతలి గీతని ముట్టుకుందంటే షార్టే. నగలకి పూత వేసే చోట తొట్టెలో జరిగేదీ ఇదే. అక్కడ కావాలని చేస్తారు, ఇక్కడ మనం తుండుగుడ్డ వెతుక్కుంటూ చేస్తాం. ఈ పనికి గంటలు అక్కర్లేదు, నిమిషాల్లో మొదలవుతుంది.

కాబట్టి "ముందు" అంటే తుడవడానికి ముందు, ఫోన్ చెయ్యడానికి ముందు, ఇంట్లోవాళ్ళని కేకేయడానికి కూడా ముందు.

ప్లగ్గు:

"స్విచ్చి" అనలేదు, "షట్ డౌన్" అనలేదు. "ప్లగ్గు" అన్నాడు. ఊరికే అనలేదు. 1995లో వచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ప్రకారం కంప్యూటర్‌ని ఆపేసినా మదర్‌బోర్డుకి 5 వోల్టుల కాపలా కరెంటు ఒకటి అందుతూనే ఉంటుంది. ముందున్న బటన్ నొక్కగానే అది లేవాలి కదా, అందుకు. ఆపేసిన కంప్యూటర్లో కూడా మౌస్ కింద ఎర్రదీపం వెలుగుతూండటం చాలామంది చూసే ఉంటారు.

"ఆపేశాను అబ్బాయ్" అన్నాను.

"ఏం ఆపేరండి?"

"గోడ స్విచ్చి."

"యూపీఎస్ అరుస్తుందాండి?"

అరుస్తోంది. కుయ్ కుయ్‌మని కాళ్ళ దగ్గర అరుస్తూనే ఉంది. ఆ గాబరాలో నా చెవిని పడలేదు. మన కరెంటు కోతల పుణ్యమా అని ప్రతి డెస్క్‌టాప్ కిందా యూపీఎస్ ఉంటుంది. గోడ దగ్గర కరెంటు తీస్తే, పోయిందనుకుని బాటరీలోంచి నిండు 230 వోల్టులూ పంపడం దాని ధర్మం. మన డెల్టా రైతుకి ఇది కాలువ భాషలో చెప్తే ఇట్టే తెలుస్తుంది. ఏటా వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేశాకే పూడికలు తీస్తారు. అయితే పైన కట్టేసినంత మాత్రాన కింద లాకుల మధ్య నిలవనీరు పోదు. కాబట్టి "ప్లగ్గు" అంటే గోడది కాదు, యూపీఎస్‌దీ కాదు, కేబినెట్ వీపున గుచ్చుకుని ఉన్న లావుపాటి వైరుది అని అర్థం చెప్పుకోవాలి. ఆ చోటే తడిసి ఉంటే దాని మీద చెయ్యి వెయ్యకూడదు. గోడ స్విచ్చి తీసి, పొడి చేతులతో, చెప్పులు వేసుకుని, యూపీఎస్‌ని దాని బటన్‌తోనే ఆపి, అప్పుడు పీకాలి.

సేవ్ చెయ్యని పేజీ సంగతేమిటని ఒక పూర్వపక్షం. పోతుంది. ఈ ఊళ్ళోనే నన్నయగారి భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది, మన డాక్యుమెంటు ఎంత.

పీకండి:

వైరు పట్టుకుని లాగకూడదు, ప్లగ్గు పట్టుకునే పీకాలి. పీకాక కేబినెట్ ముందు బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోమన్నాడు. నొక్కితే లోపలి ఫ్యాను ఉలిక్కిపడ్డట్టు ఒక్కసారి కదిలి ఆగింది. బోర్డుకి కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాలో మిగిలిపోయిన కరెంటు అలా దిగిపోయిందన్నమాట.

పక్కకి ఒరిగించండి:

ఏ పక్కకి? మూలంలో లేదు. వ్యాఖ్యాతకి పని ఇలాంటి చోటే. నిలువు కేబినెట్‌ని ముందు నుంచి చూస్తే మదర్‌బోర్డు సాధారణంగా కుడివైపు రేకుకి బిగించి ఉంటుంది, తెరుచుకునే తలుపు ఎడమవైపు. కుడిపక్కకి పడుకోబెడితే బోర్డు పళ్ళెంలా కిందికి వచ్చి టీ అంతా దాని మీదే మడుగు కడుతుంది. ఎడమ తలుపు తీసి ఆ ఎడమ పక్కకే ఒరిగిస్తే బోర్డు బోర్లా పడి, ఉన్నదంతా కిందికి కారుతుంది. బరువైన గ్రాఫిక్స్ కార్డుంటే ముందు దాన్ని తీసెయ్యాలి, లేకపోతే వేలాడి స్లాటు విరుగుతుంది. కుదపడం, దులపడం పనికిరావు. తడవని చోట్లు కూడా తడుస్తాయి.

విప్పి:

విప్పే ముందు సెల్‌ఫోన్‌తో నాలుగు ఫొటోలు తియ్యాలి, ఏ వైరు ఎక్కడిదో తర్వాత మనకి గుర్తుండదు. స్క్రూలు సాసర్లో వేసుకోవాలి. ర్యామ్ కడ్డీలు, కార్డులు, డిస్కు వేరు చెయ్యాలి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయేది, బోర్డు మీద పావలా కాసంత గుండ్రటి బాటరీ. సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులు. ప్లగ్గు పీకినా గడియారం నడిచేది దీనితోనే. అంటే "ప్లగ్గు" అన్న పదంలో ఇదీ ఇమిడి ఉందన్నమాట. నా కంప్యూటర్లో టీ సరిగ్గా దాని గూట్లోనే చేరింది. గోటితో బాటరీ ఎత్తితే కింద గోధుమరంగు చుక్క కనిపించింది.

ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం "విప్పి" కిందకి రాదు. అందులో కెపాసిటర్లు 300 వోల్టులు దాటి కరెంటు దాచుకుంటాయి, ప్లగ్గు పీకాక కూడా. దానిలోకి టీ వెళ్ళిందని అనుమానం వస్తే మార్చెయ్యడమే. హార్డ్ డిస్కు మూతకి గాలి ఆడడానికి సూదిబెజ్జమంత చిల్లు ఉంటుంది. అటువైపు తడి కనిపిస్తే దానికి కరెంటు ఇవ్వకుండా, లోపలున్నది ముఖ్యమైతే, తెలిసినవాళ్ళ చేతికి ఇవ్వాలి. పెళ్ళి ఫొటోలు బోర్డులో ఉండవు, డిస్కులో ఉంటాయి. డిస్కు పొడిగా ఉంటే సగం గండం గడిచినట్టే.

తీపంతా:

ఈ పదం దగ్గర కాస్త కూర్చోవాలి. రసాయనశాస్త్రం ప్రకారం పంచదార నీళ్ళు కరెంటుని పోనివ్వవు. కుర్రాడు తప్పు చెప్పాడా? లేదు. ఇక్కడ తీపి ఉపలక్షణం. ఒకటి చెప్పి దానితో వచ్చేవాటినన్నిటినీ చెప్పడం. పాలలోని లవణాలు, మాంసకృత్తులు, వెన్న, టీ ఆకు మడ్డి, అన్నీ అందులోకే వస్తాయి. పోతే పంచదార చేసే పాపం వేరే ఉంది. నీరు ఆరిపోయాక అది పాకంలా మిగిలి, గాలిలో తేమని లాక్కుని, దుమ్ముని పట్టుకుని, లవణాలని కదలనివ్వకుండా అక్కడే అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా చీమలు. గోదావరి జిల్లాల్లో పంచదార ఒలికిన విషయం మనకన్నా ముందు వాటికి తెలుస్తుంది. నేను కేబినెట్ తలుపు తీసేసరికి మూడు చీమలు ర్యామ్ స్లాటు అంచున వరస కట్టి ఉన్నాయి.

మన వైపు ఏం ఒలకొచ్చో చూద్దాం. మంచినీళ్ళయితే అదృష్టం. పాలు లేని టీ ఫరవాలేదు. పాలూ పంచదారా ఉన్న టీ, మెయిన్ రోడ్డు రోజ్‌మిల్క్ ఒక కోవ. ఇవి జిడ్డు, పైగా కడగకపోతే పులిసి కంపు కొడతాయి. రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు, చెరుకురసం అచ్చంగా పాకం. కోలాల్లో ఫాస్ఫరిక్ ఆమ్లం ఉంటుంది, పులుపు లోహాన్ని తింటుంది. కొబ్బరిబొండం నీళ్ళు చూడ్డానికి తేటగా ఉంటాయి గనుక ఫరవాలేదనుకుంటాం. 100 మిల్లీలీటర్లలో సుమారు 200 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నీరసించిన మనిషికి ఏది మంచిదో బోర్డుకి అదే చెడ్డది. అన్నిటికన్నా హీనం ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా. పులుపూ ఉప్పూ రెండూ ఉన్నాయి, దానికి మజ్జిగ పినతల్లి వరస. తాటికల్లు సంగతి తాగేవాళ్ళెవరూ రిపేరు షాపులో నిజం చెప్పరట, "ఏదో నీళ్ళండి" అంటారట. వాసన చెప్పేస్తుంది.

కడగండి:

ఈ మాటకి నాకు గుండె ఝల్లుమంది. నీళ్ళ వల్ల వచ్చిన చిక్కుకి మళ్ళీ నీళ్ళా? కాని ఫ్యాక్టరీల్లో కూడా టంకం వేశాక కొన్ని రకాల బోర్డులని లవణాలు తీసేసిన నీళ్ళతో కడుగుతారు. నీళ్ళలో ఏముందన్నదే లెక్క. కుళాయి నీళ్ళు వద్దు, గోదావరైనా సరే, అందులో ఖనిజాలుంటాయి. భీమవరం, అంతర్వేది వైపు బోరునీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఉప్పు. కావలసిన నీళ్ళు ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ మెట్ల కిందే ఉన్నాయి. బాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్. సీలు తియ్యని డబ్బా అయితే మంచిది, యాసిడ్ డబ్బా కాదని రెండుసార్లు చూసుకోవాలి.

మెత్తటి పెయింటు బ్రష్షుని ఆ నీళ్ళలో ముంచి, టీ పడ్డ చోటు వరకే, తడవని చోటు జోలికి పోకుండా అద్దుతూ తుడవాలి. మొదటి గిన్నె నీళ్ళు లేత గోధుమరంగుకి తిరిగాయి. మూడో గిన్నె తేటగా ఉంది. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూత. ఎలక్ట్రానిక్స్ షాపులో ఐపీఏ అంటే ఇస్తారు, 99 శాతానిది. జిడ్డుని కరిగిస్తుంది, మిగిలిన నీటిని తనలో కలుపుకుని తనతో పాటు ఆవిరి చేసేస్తుంది. మంట దగ్గర వాడకూడదు, కిటికీలు తీసి ఉంచాలి. కరోనా నాడు మిగిలిన శానిటైజర్ దీనికి బదులు రాదు, అందులో గ్లిసరిన్ ఉంటుంది, మళ్ళీ జిగట.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి లంక గ్రామాల్లో ఇళ్ళు మునిగాయి. అలా మునిగిన సామాను విషయంలోనూ సూత్రం ఇదే. ఒండ్రు ఎండి రాయవకముందే కడగాలి. ఆరాక కడుగుదామనుకున్నవాడికి గోకుడు మిగులుతుంది.

బాగా ఆరనిచ్చి:

"బియ్యంలో పెట్టమన్నారే?" అని మా పక్కింటివారు. సెల్‌ఫోన్ తడిస్తే బియ్యం డబ్బాలో పాతిపెట్టడం మన దేశవాళీ వైద్యం. ఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీయే 2024లో తన సలహాల్లో రాసింది, బియ్యపు నలుసులు లోపలికి పోతాయని. ఆపిల్ దాకా ఎందుకు, మండపేట మిల్లు దగ్గర ధాన్యం అమ్మిన ఏ రైతునడిగినా చెప్తాడు. కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు పెట్టి 17 శాతం దాటితే ధాన్యం పక్కన పెడతారు. మిల్లాడిన బియ్యంలోనూ 14 శాతం దాకా తేమ ఉండొచ్చు. శ్రావణమాసంలో డబ్బాలో ఉన్న బియ్యం ఆసరికే గాలిలో తేమతో రాజీ పడిపోయి ఉంటుంది. అది ఇంకొకరి తడి ఏం పీలుస్తుంది?

హెయిర్ డ్రయ్యర్ వేడి ప్లాస్టిక్కుని వంచుతుంది, నీటిని చిప్పుల కిందికి తోస్తుంది. ఎర్రటి ఎండా వద్దు. నులకమంచం మీద పాత పంచె పరిచి, బోర్డుని వాలుగా నిలబెట్టి, టేబుల్ ఫ్యాను పెట్టాను. మామూలు రోజుల్లో రెండు రోజులు చాలునట, ముసురు గనుక నాలుగు రోజులు ఉంచమన్నాడు. "బాగా" అన్న విశేషణం అక్కడిది. వడియాలు పెట్టే ఇల్లాలికి తెలుసు, పైన చిటపటలాడుతున్నా తిరగేస్తే అడుగు మెత్తగా ఉంటుంది. ర్యామ్ స్లాట్ల లోపల, చిప్పుల కింద కూడా అంతే. కంటికి ఆరినట్టు కనిపించిన రోజుకి ఇంకో రోజు కలపాలి.

అప్పుడే నొక్కండి:

ఆ దీర్ఘం నిశ్చయార్థకం. "చూద్దాం పనిచేస్తుందేమో" అని మధ్యలో నొక్కినవాళ్ళ బోర్డులే తన షాపులో అటక మీద ఉన్నాయన్నాడు. నొక్కేటప్పుడైనా అన్నీ బిగించెయ్యకూడదు. ఒక్క ర్యామ్ కడ్డీ, దాని బంగారు పళ్ళని రబ్బరుతో సుతారంగా రుద్ది. డిస్కు లేకుండా. ముక్కు దగ్గర పెట్టుకుని. కాలిన వాసన వస్తే మళ్ళీ మొదటి పదానికి వెళ్ళాలి.

పనిచేసింది. బాటరీ తీసినందువల్ల గడియారం ఏదో పాత జనవరి 1కి వెళ్ళిపోయింది, సరిచేశాను. కుర్రాడు వచ్చి టార్చి వేసి బోర్డంతా చూశాడు. వెనకవైపు ఒక యూఎస్‌బీ రంధ్రం మొదట్లో, ఇత్తడి బిందెకి పట్టినట్టు పచ్చటి చిలుము. అది పనిచెయ్యదు. "కడగడం బానే కడిగేరండి. ఇది కడగడం వల్ల పోయింది కాదు, ముందే తినేసింది" అన్నాడు. తుండుగుడ్డ ఎక్కడుందా అని నేను వెతికిన ఆ రెండు నిమిషాలూ బోర్డుకి కరెంటు అందుతూనే ఉంది కదా.