చిత్రభాను వలస

మన సీమవారికి వలస యనుమాట క్రొత్తది గాదు. దండు వచ్చినపుడు గొడ్డుగోదలతో నూరు విడుచుటయు, వానలు తప్పినపుడు పొట్ట చేతబట్టుకొని పరదేశము పోవుటయు వలసలే. 1876లో మొదలైన ధాతకరువునాటి వలసకథలు మన పూర్వులు చెప్పుకొన్నవి పెక్కులు. అయితే మననుండి పోయిన వలసలే గాక, మనయొద్దకు వచ్చిన వలసయు నొకటి కలదు. దానిని వ్రాసియుంచినవారు తక్కువ.

1942 ఫిబ్రవరి 15న సింగపూరును, మార్చి 8న రంగూనును జపానువారి వశమయ్యెను. చిత్రభాను సంవత్సర చైత్రమున, అనగా ఏప్రిలు 6వ తేదీన, జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వైచినవి. చెన్నపురిలో సైరనులు మ్రోగినవి. పనిలేనివారు నగరము విడుచుట మేలని ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరునుండి గుంటూరునకు తరలెను. చెన్నపురి రికార్డు ఆఫీసులోని ప్రాతకాగితములు చిత్తూరు చేరెను. బాంబు పడి బోనులు పగిలినచో నూరిమీద బడునను భీతిచే జంతుశాలలోని క్రూరమృగములను గాల్చి చంపించిరి. పిల్లలకు రంగూను పతనముకంటె నీ వార్తయే యెక్కువ భయము గొల్పెనట; అది సహజమే. 1914లో ఎండెన్ నౌక గుండ్లు వైచినపుడును జనులు పరుగిడిరి గాని, ఆ భయము త్వరలోనే చల్లారినది.

వ్యాపారమునకో గుమాస్తాపనికో చెన్నపురి చేరియున్న మనవారు అరకోణము, రేణిగుంటలమీదుగా బొంబాయి పోవు రైలెక్కిరి. కోడూరు, రాజంపేట, కడప, ఎఱ్ఱగుంట్ల స్టేషనులలో దిగి యెద్దుబండ్లపై పల్లెలు చేరిరి. కర్నూలు, నంద్యాల పోవలసినవారు గుంతకల్లులో మీటరుగేజి బండికి మాఱి ద్రోణాచలముమీదుగా బోవలసి యుండెను. అప్పటికి మండువేసవి.

మా పెత్తల్లిగా రప్పు డెనిమిదేండ్ల బాలిక. జార్జిటౌనునుండి రాజంపేట ప్రాంతమున మేనమామగారి పల్లెకు వచ్చిరి. త్రిప్పగనే నీరు కారెడి కొళాయి నెఱిగిన యామెకు దిగుడుబావి మెట్లు దిగి బిందె ముంచుట మొదటి యాశ్చర్యము. రెండవది సంగటిముద్ద. తొలినాడు దానిని ముట్టక యేడ్చిరట. మేనత్తగా రొక్కమాటయు ననక, పండుగకై కుండలో దాచిన బియ్యమును తీసి చుట్టపుపిల్లలకు మాత్రము వండిరి. తమ పిల్లలకు సంగటియే. ఆ బియ్య మెన్నినాళ్లు వచ్చును? పక్షము తిరుగకమునుపే పట్టణపు పిల్లలు సంగటికిని ఊరిబిండికిని అలవడిరి. ఎనుబదియేండ్లు దాటినపిమ్మటను ఆమె, బాంబులమాట యడిగినను, ఆ కుండబియ్యముమాటయే చెప్పెడివారు.

కర్నూలు-కడప కాలువక్రింది యూళ్లకు బోయినవారికి వరియన్నము దొరకినది. తక్కిన మెట్టపల్లెలలో జొన్నలు, కొఱ్ఱలు, రాగులే గతి. బర్మా చేజాఱుటతో నక్కడి బియ్యము దిగుమతి యాగినది. ఇది చాలదన్నట్లు వానలు తప్పి, 1942-43లో బళ్లారి, అనంతపురము, కర్నూలు మండలములలో క్షామము వచ్చెను. ఆ యేటి యాతిథ్యమును దూచునపు డీ సంగతి మఱువరాదు. అందఱును ధర్మాత్ములే యనుటయు సరికాదు. చుట్టములకు గింజలు కొలిచి లెక్క వ్రాసికొన్నవారును, పశువులకొట్టమును సున్నము కొట్టించి బాడుగకిచ్చినవారును గలరని పెద్దలవలన వింటిని.

చదువుమాట వేఱు. నేను పనిచేసిన యొక పాఠశాలలో నాటి ప్రవేశపు రిజిస్టరును జూచితిని. 1942 జూను, జూలై మాసముల పుటలలో పూర్వపాఠశాల యను గడియందు చెన్నపురి బడుల పేర్లు వరుసగా నున్నవి. విడిచిన తేదీలు చాలవఱకు మఱుసటి వేసవిలోపలివే. 1943 అక్టోబరులో చెన్నపురి రేవుప్రాంతమున నిజముగనే బాంబులు పడునప్పటికి, వీరిలో పెక్కుర చటికి తిరిగిపోయియుండిరి.

నాటి పిల్లలలో మిగిలియున్నవారు నేడు తొంబదియేండ్ల ప్రాంతమువారు. మన కుటుంబములలో నట్టివారున్నచో, వారు చెప్పునది చెప్పినట్లు వ్రాసికొని, నాటి యుత్తరములతో గూడ సంచిక సంపాదకులకు బంప గోరుచున్నాను. తారీకులు తప్పినను బాధ లేదు. ఊరిపేరును, దిగిన స్టేషనుపేరును మాత్రము తప్పక యడిగి వ్రాయవలయును.