కచేరీ కుర్చీయు, కొల్లేటి నడకయు

ఫాల్గుణ మాసమున పెద్దింట్లమ్మవారి తిరునాళ్ళకు కొల్లేటికోట జనముతో నిండిపోవును. చుట్టును నీరు, నడుమ లంక. ఒకప్పుడు సర్కారు పనిమీద ఈ లంకలకు పోవలసిన ఉద్యోగి కొంతదూరము దోనెలోను, కొంతదూరము కాలినడకను పోయెడివాడు. ఆనాటి కొలువునకును, నేటి కొలువునకును గల భేదము మనము తలపోయదగినది.

1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి, ఏలూరు దానికి ముఖ్యపట్టణమైనది. కచేరీలు పెరిగినవి, గుమాస్తాలును పెరిగిరి. అయినను గ్రామమున కరణము అజమాయిషీకై పొలము పొలము తిరిగి, పైరు కన్నులార చూచి అడంగలు వ్రాయవలసియుండెను. వ్యాయామమను పేరు లేకయే అతనికి వ్యాయామము జరిగెడిది. 1984లో కరణీకము రద్దయినది. 2015 నుండి అడంగలు నకలును ‘మీభూమి’ ద్వారా తెరమీదనే చూడగలుగుచున్నాము. రైతునకు తిరుగుడు తగ్గుట మేలే. కాని కాగితమే కుర్చీయొద్దకు వచ్చుటచే ఉద్యోగి కాళ్ళకు పని తప్పినది.

ఇందలి హానిని తొలుత లెక్కకట్టి చూపినవారిలో జెర్మీ మారిస్ అను వైద్యుడు ముఖ్యుడు. కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని ఆయన 1953లో లండనునందు ప్రకటించెను. ఉత్తరములు పంచు తపాలావారికిని, బల్లయొద్ద గుమాస్తాలకును అట్టి భేదమే కనబడినది. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకైన నడకవంటి శ్రమ వలెనని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది.

మరి అడ్డమేమి? సోమరితనమని తీర్పు చెప్పుట న్యాయము కాదు. తాడేపల్లిగూడెమునుండి ఏలూరికి నిత్యము రైలులో వచ్చిపోవు ఉద్యోగికి ఉదయ సాయంకాలములు ప్రయాణమునకే సరిపోవును. ఉద్యోగినికి ఇల్లు చేరగానే వంటయింట రెండవ కొలువు సిద్ధముగా నుండును. కచేరీలో లేచి నాలుగడుగులు వేసినచో పని ఎగవేయుచున్నాడని పైవారు తలతురేమోయను జంకు వేరొకటి. మేమును ఫైలు కావలసినప్పుడెల్ల బంట్రోతును కేకవేసి, అదియే హోదా అనుకొన్నవారమే.

నడక మన తీరికనుండి కాదు, మన ఉద్యోగమునుండి తొలగినది. కావున తీరికలో వెదకిన అది దొరకదు. ఉద్యోగములోనే దానికి మరల చోటీయవలెను. గంటకొకమారు లేచుటను తప్పుపట్టని అధికారియు, తన ఫైలును తానే పోయి తెచ్చుకొను గుమాస్తాయు ఉన్నచో, ఆ మార్పు రేపటి ఉదయమే మొదలు కాగలదు.