చదరంగంలో ధారణ, నైపుణ్యం

చదరంగంలో ధారణ అంటే ఆరంభ ఎత్తులను, పాత ఆటలను, అంత్య ఘట్టంలోని గెలుపు పద్ధతులను గుర్తుపెట్టుకోవడం. నైపుణ్యం అంటే ఎదుట ఉన్న స్థితిని అంచనా వేసి, ముందు ఎత్తులను లెక్కగట్టి సరైనదాన్ని ఎంచుకోవడం. మంచి ఆటకు రెండూ అవసరం. అయితే అర్థం తెలియకుండా బట్టీ పట్టిన ఎత్తులు ఆటగాణ్ని ఎంతో దూరం తీసుకుపోలేవు.

బట్టీకి హద్దు

తెల్లపావులకు మొదటి ఎత్తు 20 రకాలుగా వేయవచ్చు. ఇరువురూ చెరో ఎత్తు వేసేసరికి 400 స్థితులు ఏర్పడతాయి. చెరి రెండు ఎత్తులకు 1,97,281 వరుసలున్నాయి. కొత్తగా నేర్చుకునే పిల్లలు మంత్రి, శకటుల సాయంతో నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించడం బట్టీ పడతారు. ఎదుటివారు గుర్రాన్ని బయటికి తెచ్చి, బంటుతో మంత్రిని అదిలిస్తే ఆ పాఠం అక్కడితో అయిపోతుంది. అక్కడినుంచి సొంతంగా ఆలోచించాల్సిందే.

పరిశోధనలు

ధారణకూ నైపుణ్యానికీ ఉన్న ఈ సంబంధాన్ని డచ్ మనస్తత్వవేత్త అడ్రియాన్ డి గ్రూట్ 1940లలో పరిశీలించారు. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అసలైన ఆటల్లోని స్థితులను ఐదు సెకన్లు చూపి, పావులను తిరిగి పేర్చమన్నారు. మాస్టర్ సుమారు 16 పావులను సరిగా పెడితే, కొత్త ఆటగాడు నాలుగింటినే పెట్టగలిగాడు. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపినప్పుడు మాత్రం మాస్టర్ ఆధిక్యం దాదాపు మాయమైంది. మాస్టర్ పావులను విడివిడిగా కాక, అర్థమున్న గుంపులుగా చూస్తాడని దీన్నిబట్టి తేలింది.

తెలుగువారి అవధానంలోనూ ఇదే కనిపిస్తుంది. చివర్లో అవధాని తాను చెప్పిన పద్యాలన్నిటినీ ధారణ చేస్తారు. అవి ఛందస్సులో, భావంతో ఆయనే కూర్చినవి కనుక మనసులో నిలుస్తాయి.

అంత్య ఘట్టం

తెల్లరాజు ఇ5లో, తెల్లబంటు ఇ4లో, నల్లరాజు ఇ7లో ఉన్నారనుకుందాం. ఎత్తు నల్లవారిదైతే తెల్లవారు గెలుస్తారు; తెల్లవారిదైతే ఆట డ్రా. రాజులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ముందు కదలాల్సినవారే దారి వదలాలి. ఈ కారణం తెలిసినవారు ఇదే సూత్రాన్ని మరో గడిలోనూ గుర్తుపడతారు. గళ్ళ పేర్లు మాత్రమే బట్టీ పట్టినవారు గుర్తించలేరు.

తెలుగు క్రీడాకారులు

గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ విజేత. 2024లో గుకేశ్ ప్రపంచ టైటిల్ పోరుకు సిద్ధమైనప్పుడు సహాయక బృందంలో ఆయన ఉన్నారు. ఆ స్థాయిలో ఆరంభ ఎత్తుల అధ్యయనం బృందమంతా చేసే పని. కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. గడియారం తరిమే ఆ పోటీల్లో స్థితిని చూడగానే అర్థం చేసుకునే చూపే ఆధారం. వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగు సాధించారు. బాగా నలిగిన ఆరంభాలను వదిలి, కొత్త స్థితుల్లో పోరాడటం ఆయన శైలి.

అభ్యాసం

నేర్చుకునేవారు అంత్య ఘట్టాలు, ఎత్తుల లెక్కలతో మొదలుపెట్టి, ఓడిన ప్రతి ఆటనూ తిరిగి చూసుకుని, ఆ తరువాత ఆరంభాలకు వెళ్ళడం మేలు. శిక్షకులు అందుబాటులో లేని మండల కేంద్రాల్లోని పిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది. ఒక చదరంగం బల్ల, ఎదురుగా కూర్చునే ఒక తోడు ఉంటే చాలు. ప్రతి ఎత్తుకూ ముందు ‘ఎందుకు?’ అని అడిగే అలవాటును పెద్దలు వారికి నేర్పాలి.